క్లాసిక్ 350కి కోన్ ఫిల్టర్ ఉంది, జెట్లు మార్చాలా లేక కంపెనీ ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టాలా?

గుంటూరు_క్లాసిక్:

అందరికీ నమస్తే. ఈ మధ్యే 2015 మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. యూసీఈ ఇంజిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉండేది), కార్బురేటర్ బండి. పాత ఓనర్ ఎయిర్ ఫిల్టర్ బాక్స్ మొత్తం పీకేసి కార్బురేటర్ వెనకాల నేరుగా కోన్ ఫిల్టర్ బిగించాడు. సైలెన్సర్ కూడా కంపెనీది కాదు, పొట్టిది, సౌండ్ చూస్తే లోపల అడ్డేమీ లేనట్టే ఉంది. తీసిన సామాన్లు, అంటే కంపెనీ బాక్సు, రబ్బరు బూటు, పాత సైలెన్సరు, అన్నీ గోనెసంచిలో వేసి బండితో పాటే ఇచ్చాడు.

ఇప్పుడు బండి ఎలా ఉందంటే, పొద్దున చోక్ వేయందే స్టార్ట్ కాదు, స్టార్ట్ అయ్యాక కూడా చోక్ తీస్తే ఆగిపోతుంది, చాలాసేపు వేసే ఉంచాలి. వేడెక్కాక ఐడిలింగ్ ఒకచోట నిలవదు, సిగ్నల్ దగ్గర దానంతటదే పెరిగిపోయి మళ్లీ నిదానంగా దిగుతుంది. నాలుగో గేర్‌లో యాభై అరవై మధ్య సగం ఎక్సలేటర్ ఇస్తే ఒక్క క్షణం పట్టేసి ఆ తర్వాత అందుకుంటుంది. ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలుతుంది. ప్లగ్ విప్పి చూశాను, సున్నం వేసినట్టు తెల్లగా ఉంది.

మా వీధి మెకానిక్‌ని అడిగితే మెయిన్ జెట్, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క, ఒక నంబర్ పెద్దది వేస్తే సెట్ అయిపోతుంది అన్నాడు. ఇంట్లో పానాల సెట్టు ఉంది, మా నాన్న స్ప్లెండర్ కార్బురేటర్ విప్పి కడిగి బిగించే అలవాటు ఉంది కాబట్టి ఈ పని నేనే చేసుకుందామనుకుంటున్నాను. మెయిన్ జెట్ మారిస్తే నిజంగా ఇవన్నీ పోతాయా, లేక బాక్స్ తిరిగి పెట్టేయడమే మేలా? కోన్ ఫిల్టర్‌తో పికప్ బాగుంటుందని అందరూ అంటున్నారు, అది పోగొట్టుకోవడం ఇష్టం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.


ఓరుగల్లు_గ్యారేజ్:

బ్రదర్, మెయిన్ జెట్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. మీరు చెప్పిన వాటిలో ఒక్కటి కూడా మెయిన్ జెట్ వల్ల వచ్చేది కాదు. మెయిన్ జెట్ సైజు అసలు లెక్కలోకి వచ్చేది ఎక్సలేటర్ ముప్పావు దాటి తిప్పినప్పుడే. పూర్తిగా మూసి ఉన్నప్పుడు, కొద్దిగా తెరిచినప్పుడు పెట్రోల్ వచ్చేది పైలట్ జెట్ నుంచి, మన మెకానిక్‌లు స్లో జెట్ అంటారు చూడండి, అదే. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ అనే సూది, అది దిగే నీడిల్ జెట్ చూసుకుంటాయి. చోక్ తీస్తే ఆగిపోవడం, ఐడిలింగ్ నిలవకపోవడం, వదిలితే పేలడం, ఇవన్నీ పైలట్ వైపు లక్షణాలు. యాభై అరవైలో పట్టేయడం నీడిల్, ఆ నీడిల్‌ని పట్టుకుని లేచి దిగే స్లైడ్ వైపుది. మెయిన్ జెట్ ఒక్కటే పెంచితే ఇవేవీ పోవు, పైన స్పీడులో మాత్రం ఊరికే పెట్రోల్ తాగుతుంది.

ఒక చిన్న పని చేయండి. హ్యాండిల్ గ్రిప్ మీద ఒకటి, పక్కన స్విచ్ హౌసింగ్ మీద ఒకటి తెల్ల టేపు ముక్కలు అంటించి, మూసి ఉన్న చోట, పావు, సగం, ముప్పావు, ఫుల్ దగ్గర పెన్నుతో గీతలు పెట్టండి. ఇబ్బంది ఏ గీత దగ్గర వస్తోందో గమనించండి. ఏ గేరు, ఎంత స్పీడు అన్నది ఇక్కడ పెద్దగా పనికిరాదు, ఎక్సలేటర్ ఎంత తెరిచి ఉంది అన్నదే కావాలి. స్పీడు చెప్పి జెట్ నంబర్ అడిగితే ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. మీది సీవీ కార్బురేటర్, అంటే మీ కేబుల్ లాగేది బటర్‌ఫ్లై వాల్వ్‌ని, స్లైడ్ ఇంజిన్ లాగే వాక్యూమ్‌ని బట్టి దానంతటదే లేస్తుంది, కాబట్టి ఈ గీతలు ఉజ్జాయింపే, అయినా చాలా వరకు దారి చూపిస్తాయి.

ఐడిలింగ్ దానంతటదే పెరుగుతోందంటే నాకు ముందు గాలి లీకు మీదే అనుమానం. కార్బురేటర్‌కీ సిలిండర్ హెడ్‌కీ మధ్య ఉండే రబ్బరు ఇన్నేళ్ల వేడికి గట్టిపడి సన్నగా పగుళ్లిస్తుంది, మామూలుగా చూస్తే కనపడవు, విప్పి వంచి చూస్తేనే కనపడతాయి. ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఇస్త్రీ బట్టల మీద నీళ్లు కొట్టే స్ప్రే బాటిల్ ఉంటుంది కదా, దాంతో ఆ రబ్బరు చుట్టూ, క్లిప్పుల దగ్గర కొద్దికొద్దిగా కొట్టండి. శబ్దం మారిందంటే లీకు అక్కడే. కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి చూస్తారు, పక్కనే సైలెన్సర్ బెండు కాలుతూ ఉంటుంది, ఆ పని వద్దు.

ఇక పికప్ సంగతి. మీ ఇంజిన్ 346 సీసీ, బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., కంపెనీ చెప్పేది 5250 ఆర్‌పీఎం దగ్గర 19.8 హార్స్‌పవర్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది కాబట్టి, సిలిండర్ నిండా పీల్చిందనుకున్నా ఆ 5250 దగ్గర నిమిషానికి 900 లీటర్ల పైచిలుకే. శుభ్రంగా ఉన్న కంపెనీ పేపర్ ఫిల్టర్ ఆ మాత్రం గాలి ఇవ్వడానికి ఇబ్బంది పడదు. ఈ బండికి పైన ఊపిరి ఆడకపోవడానికి కారణం పొడుగు స్ట్రోకు, నిదానమైన క్యామ్, చిన్న కార్బురేటర్. ఇంజిన్‌ని అలా కట్టిందే కింద టార్క్ కోసం, 4000 దగ్గరే 28 న్యూటన్ మీటర్లు వచ్చేస్తుంది. ఫిల్టర్ మార్చితే ఇవేవీ మారవు. కోన్ ఫిల్టర్ పెట్టాక నిజంగా పెరిగేది పీల్చే శబ్దం, ఆ శబ్దానికి బండి ముందుకు దూకుతున్నట్టు అనిపిస్తుంది. నమ్మకం లేకపోతే ఒకే రోడ్డు మీద, ఒకే గేర్‌లో, నలభై నుంచి ఎనభై వెళ్లడానికి ఎంత సేపు పడుతుందో రెండు రకాలుగానూ ఫోన్‌లో వీడియో తీసి పోల్చుకోండి.

బాక్స్ అనేది ఫిల్టర్ పెట్టుకోవడానికి ప్లాస్టిక్ డబ్బా మాత్రమే అని చాలామంది అనుకుంటారు. సింగిల్ సిలిండర్ ఇంజిన్ గాలిని సమానంగా లాగదు, ఒక్క గుక్కలో లాగి ఆగుతుంది, మళ్లీ లాగుతుంది. ఆ గుక్కకి కావలసిన నిల్వ గాలి, కదలకుండా ఉన్న గాలి, బాక్స్‌లో ఉంటుంది. సీవీ కార్బురేటర్‌కి అది మరీ ముఖ్యం, ఎందుకంటే స్లైడ్ ఎంత లేవాలన్నది రెండు వైపుల గాలి ఒత్తిడి తేడాని బట్టే ఉంటుంది. కోన్ ఫిల్టర్ మీద ఎదురుగాలి, పక్కన లారీ వెళ్తే వచ్చే గాలి, కాలు తగిలే తీరు, అన్నీ ఆ ఒత్తిడిని కదిలిస్తాయి. నా మాట అయితే బాక్స్ తిరిగి పెట్టండి.


తెనాలి_మెకానిక్:

తమ్ముడూ, పైన చెప్పినదంతా సరిగ్గానే ఉంది, జెట్లు కొనకముందు ఇంకొకటి చూడు, పది నిమిషాల పని. కోన్ ఫిల్టర్ క్లిప్పు వదులు చేసి ఊడదీసి, టార్చ్ పట్టి కార్బురేటర్ నోరు వైపు చూడు. పెద్ద రంధ్రం చుట్టూ అంచులో చిన్న చిన్న రంధ్రాలు కనపడతాయి. వాటిలో పైలట్ జెట్‌కి గాలి ఇచ్చేది ఒకటి, లోపల స్లైడ్‌ని లేపే పలచటి రబ్బరు పొర, అంటే డయాఫ్రమ్, దాని కింది గదికి వెళ్లేది ఒకటి ఉంటాయి. కంపెనీ బూటు వాటికి అడ్డం రాకుండా పోత పోసి ఉంటుంది. బయట దొరికే కోన్ ఫిల్టర్లు అన్ని బండ్లకీ కలిపి ఒకటే చేస్తారు, వాటి రబ్బరు మూతికి లోపల ఒక పెదవి ఉంటుంది, లోపలికంటా నెట్టి బిగిస్తే ఆ పెదవి సరిగ్గా వెళ్లి ఆ రంధ్రాల మీద కూర్చుంటుంది. డయాఫ్రమ్ రంధ్రం మూసుకుంటే స్లైడ్ లేవాల్సినంత లేవదు, లేచినా ఆలస్యంగా లేస్తుంది. నువ్వు చెప్పే యాభై అరవైలో పట్టేయడం అచ్చం అదే. నా దగ్గరికి ఇలా వచ్చే బండ్లలో జెట్లు అప్పటికే మార్చేసి తెచ్చినవే ఎక్కువ, పెదవి కోసి పారేస్తే సగం రోగం పోతుంది.

అలాగే పైన మూత విప్పి డయాఫ్రమ్ తీసి లైటు ఎదురుగా పట్టి సాగదీయకుండా చూడు, సూది మొన అంత చిల్లు ఉన్నా పనికిరాదు. మూత బిగించేటప్పుడు డయాఫ్రమ్ అంచు గాడిలో చుట్టూ కూర్చుందో లేదో వేలుతో తడిమి చూసుకో, ఒక్కచోట మడతపడినా మళ్లీ మొదటికే. క్లీనర్ స్ప్రే కొట్టే ముందు డయాఫ్రమ్, ఓ-రింగులు అన్నీ బయటికి తీసేయ్, ఆ మందు తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

స్క్రూల విషయంలో జాగ్రత్త. కార్బురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నెకి ఉండే స్టార్ స్క్రూలు మెత్తటి లోహం, తల అరిగిందంటే తీయడం నరకం. సరైన సైజు స్క్రూడ్రైవర్ పెట్టి, తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువ ఉండేలా పట్టుకో. కదలకపోతే డ్రైవర్ వెనక సుత్తితో చిన్నగా ఒక దెబ్బ వేసి మళ్లీ ప్రయత్నించు. జెట్ల రంధ్రాల్లో గుండుసూది, ఇనుప తీగ పెట్టొద్దు. ఇత్తడి మెత్తన, ఒక్క గీత పడినా దాని మీద ఉన్న నంబరుకి విలువ ఉండదు. పాత కరెంటు వైరు లోపలి రాగి పోగు ఒకటి తీసి వాడు, లేదంటే గాలి కొట్టు చాలు.


ఆర్ఎక్స్_రాజమండ్రి:

ఈ థ్రెడ్ చదివే యమహా ఆర్ఎక్స్ 100 వాళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే ఇదే సలహా చూసి రేపు టూ స్ట్రోక్‌కి కూడా ఫిల్టర్ పీకేసేవాళ్లు ఉంటారు. క్లాసిక్‌లో మిక్చర్ లీన్ అయితే, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకపోతే, పేలుతుంది, వేడెక్కుతుంది, మనకి చెప్పడానికి టైమ్ ఇస్తుంది. టూ స్ట్రోక్ అంత టైమ్ ఇవ్వదు. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు లాక్కునే వేడి కూడా ఆ పిస్టన్‌కి ఒక చల్లదనం, గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గితే పిస్టన్ కిరీటం కాగి, ఉబ్బి, బోరుకి పట్టేస్తుంది. ఆయిల్ పంపు తీసేసి పెట్రోల్‌లోనే టూటీ ఆయిల్ కలిపి పోసేవాళ్లకి ఇంకా ప్రమాదం, ఎందుకంటే జెట్ నుంచి వచ్చే పెట్రోల్ తగ్గితే దానితో వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది. 1985 నుంచి 1996 దాకా తయారైన బండ్లు ఇవి, ఒరిజినల్ బోరు పోతే మళ్లీ ఆ నాణ్యత సామాను దొరకడం కష్టం.

ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి. ఆర్ఎక్స్‌లో ఉండే మికుని వీఎం రకం కార్బురేటర్ పక్కన కనిపించేది ఎయిర్ స్క్రూ, అది విప్పితే గాలి పెరిగి లీన్ అవుతుంది. క్లాసిక్‌లాంటి సీవీ కార్బురేటర్లలో ఇంజిన్ వైపు ఉండేది మిక్చర్ స్క్రూ, అది విప్పితే పెట్రోల్ పెరిగి రిచ్ అవుతుంది. ఒకదానికి చెప్పిన సలహా ఇంకోదానికి వాడితే సరిగ్గా తిరగబడుతుంది. స్క్రూ ఎక్కడుందో చూసి గుర్తుపట్టండి, ఫిల్టర్ వైపు ఉంటే గాలిది, ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్‌ది.

వానాకాలం గురించి ఎవరూ అనలేదు. మా వైపు గోదావరి గట్టు రోడ్ల మీద వానలో వెళ్తే వెనక చక్రం చిమ్మే బురదనీళ్లు తిన్నగా ఆ కోన్ ఫిల్టర్ మీదే పడతాయి. ఫిల్టర్ తడిస్తే గాలి బిగుసుకుపోయి ఒక్కసారిగా రిచ్ అయిపోతుంది, బండి గుటుక్కుమని ఆగుతుంది. ఎండాకాలం దుమ్ము సంగతి వేరే చెప్పాలా, చవక కోన్ ఫిల్టర్‌ని ఎండకెదురుగా పట్టి చూస్తే జల్లెడలోంచి వెలుతురు కనపడుతుంది, సన్నటి దుమ్ముకి ఆ దారి చాలు.


గుంటూరు_క్లాసిక్:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. తెనాలి బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే ఫిల్టర్ ఊడదీసి చూశాను. రబ్బరు పెదవి నిజంగానే ఒక రంధ్రం మీద సగానికి పైగా కూర్చుని ఉంది, అంచు మీద దాని అచ్చు కూడా నల్లగా పడింది. బ్లేడుతో ఆ పెదవి కోసి మళ్లీ పెట్టి తిప్పాను, సగం ఎక్సలేటర్ దగ్గర పట్టేయడం దాదాపు పోయింది. నీళ్ల స్ప్రే కొట్టి చూస్తే హెడ్ వైపు క్లిప్పు దగ్గర శబ్దం మారింది, రబ్బరు విప్పి వంచితే కింది వైపు పగులు కనపడింది. కొత్తది ఆర్డర్ పెట్టాను.

ఓరుగల్లు అన్నా, నలభై ఎనభై వీడియో ఐడియా బాగుంది, బాక్స్ పెట్టాక తీస్తాను. ఒక డౌటు, బాక్స్ పెట్టి సైలెన్సర్ మాత్రం ఈ పొట్టిదే ఉంచుకుంటే అప్పుడైనా జెట్లు మార్చాలా? మార్చాల్సి వస్తే ఏ నంబర్ కొనాలి? ఆన్‌లైన్‌లో కీహిన్ జెట్ల సెట్టు చవగ్గా ఉంది, అది పనికొస్తుందా?


ఓరుగల్లు_గ్యారేజ్:

కీహిన్ సెట్టు కొనకండి. మీది యూకాల్ వాళ్లు మికుని డిజైన్‌తో చేసే కార్బురేటర్, జెట్ల మర వేరు, అన్నిటికన్నా ముందు నంబర్ల లెక్కే వేరు. కీహిన్ జెట్ మీద నంబరు రంధ్రం వ్యాసాన్ని చెప్తుంది, 100 అంటే ఒక మి.మీ. మికుని పెద్ద ఆరు పలకల మెయిన్ జెట్ల మీద నంబరు వ్యాసం కాదు, దాని గుండా ఎంత పెట్రోల్ పోతుందో చెప్పేది. అందుకే ఇందులో 100, అందులో 100 ఒకటి కావు. ముందు మీ గిన్నె విప్పి ఉన్న జెట్ల మీద నంబర్లు లెన్స్ పెట్టి చదివి రాసుకోండి, పాత ఓనర్ ఇప్పటికే మార్చి ఉండొచ్చు కూడా. మార్చాల్సి వస్తే దానికి పైన ఒకటి, ఆ పైన ఇంకొకటి, అంతే కొనండి, ఒకసారికి ఒక్కటే మార్చండి. వ్యాసం నంబర్లున్న జెట్లలో 100 నుంచి 105కి వెళ్తే ఐదు శాతం అనుకుంటారు, రంధ్రం వైశాల్యం మాత్రం పది శాతం పెరుగుతుంది, కాబట్టి రెండు మూడు నంబర్లు ఒక్కసారి దూకడం చాలా పెద్ద మార్పు.

మెయిన్ జెట్ సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటి బాగా పనిచేస్తుంది. ఖాళీ రోడ్డు మీద, హెల్మెట్‌తో, పైగేర్‌లో ఫుల్ ఎక్సలేటర్ మీద బండి నిలకడగా లాగుతున్నప్పుడు కొద్దిగా, ఎనిమిదో వంతు మాత్రమే వెనక్కి తిప్పండి. బండి ఇంకొంచెం అందుకున్నట్టు అనిపిస్తే మెయిన్ జెట్ చిన్నది. తడబడి, గుటకలు వేస్తే పెద్దది. కొద్దిగా స్పీడు తగ్గి ఊరుకుంటే సరిగ్గా ఉంది. మధ్యలో ఎక్కడైనా అనుమానం వస్తే ఆ గీత దగ్గర నిలకడగా వెళ్తూ చోక్ కొద్దిగా లాగండి, బండి బాగుపడితే అక్కడ లీన్, ఇంకా పాడైతే రిచ్.

ప్లగ్ రంగు చూసేటప్పుడు కూడా, సిగ్నళ్లలో తిరిగి ఇంటికొచ్చి ఐడిలింగ్‌లో ఆపిన ప్లగ్ ఐడిలింగ్ సంగతే చెప్తుంది. ఏ గీత దగ్గర సంగతి కావాలో ఆ గీత మీద కొంత దూరం నడిపి, క్లచ్ పట్టి అక్కడికక్కడ ఇంజిన్ ఆపి, పక్కకి తీసి చూడాలి. ఇంకా ఇప్పటి పెట్రోల్‌తో ఆ టీ రంగు అంత చక్కగా రాదు, పూర్తిగా తెలుపు, మసి నలుపు రెండూ కాకపోతే చాలు.

పెట్రోల్ అన్నాను కాబట్టి ఇది కూడా. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. మామూలు పెట్రోల్‌ పూర్తిగా మండడానికి ఒక కిలోకి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, రెండూ కలిసిన ఈ20కి లెక్క 13.5 దగ్గర పడుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ చూసి కంప్యూటర్ పెట్రోల్ పెంచుకుంటుంది, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు, రంధ్రం ఎంతో అంతే ఇస్తుంది. అంటే 2015లో సెట్ చేసిన కార్బురేటర్ ఏ మార్పూ చేయకపోయినా ఇవాళ కాస్త లీన్‌గా నడుస్తుంది. ఆపైన కోన్ ఫిల్టర్, ఆపైన పొట్టి సైలెన్సర్, ఆపైన పగిలిన రబ్బరు, అన్నీ ఒకే వైపు లాగుతున్నాయి. బాక్స్ పెట్టి, లీకు మూసి, మిక్చర్ స్క్రూ సెట్ చేశాక కూడా చోక్ ఎక్కువసేపు కావాల్సి వస్తుంటే పైలట్ జెట్ ఒక్క సైజు పెంచడంలో తప్పులేదు, నేనైతే మొదట చేసే మార్పు అదే, మెయిన్ జెట్ కాదు. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది కాబట్టి బండి వాడకుండా వారాల తరబడి ఉంచేటప్పుడు పెట్రోల్ ట్యాప్ మూసి గిన్నె కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఖాళీ చేయండి, లేకపోతే అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది, ముందు మూసుకుపోయేది సన్నటి పైలట్ జెట్టే.


హైదరాబాద్_రైడర్:

టెక్నికల్‌గా అందరూ చెప్పేశారు, సైలెన్సర్ సంగతి నేను చెప్తా భయ్యా. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. శబ్దం, పొగ నిబంధనలు దాటితే 190(2) కింద పదివేల రూపాయల దాకా ఫైన్ పడొచ్చు, లైసెన్స్ మూడు నెలలు పోవచ్చు. ఇవి పక్కన పెట్టినా, రాత్రి పదకొండుకి వీధిలోకి ఆ పొట్టి సైలెన్సర్‌తో వస్తే ఎన్ని ఇళ్లలో పిల్లలు లేస్తారో ఆలోచించండి. ఒరిజినల్ సైలెన్సర్ చేతిలోనే ఉంది కదా, దాన్నే పెట్టేయండి. అది పెడితే మీ జెట్ల ప్రశ్నే సగం పోతుంది, ఎందుకంటే కంపెనీ జెట్లు ఆ సైలెన్సర్‌కీ ఆ బాక్స్‌కీ కలిపి లెక్కేసినవి.

ఇంకో ఉపయోగపడే విషయం. ఇంట్లో ట్యూన్ చేసేవాళ్లకి గ్యాస్ ఎనలైజర్ ఉండదు, కానీ పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే వ్యాన్‌లో ఉంటుంది. రద్దీ లేని టైమ్‌లో వెళ్లి, పైపు నిజంగా సైలెన్సర్‌లో పెట్టి కొలిచేవాడి దగ్గర, కార్బన్ మోనాక్సైడ్ శాతం స్క్రీన్ మీద చూపించమని అడగండి. మీలాంటి 2015 ఫోర్ స్ట్రోక్ బండికి పరిమితి 3.5 శాతం. ఐడిలింగ్‌లో అది అర శాతం కూడా రావట్లేదంటే లీన్, పరిమితి దగ్గరికి వస్తుంటే రిచ్, నేను 1.5 నుంచి 2.5 మధ్య ఉండేలా చూసుకుంటాను. అది కొలిచేది ఐడిలింగ్ మాత్రమే, మెయిన్ జెట్ గురించి అది ఏమీ చెప్పదు, కానీ మిక్చర్ స్క్రూ తిప్పేటప్పుడు చెవిని నమ్ముకోవడం కన్నా అంకె నయం.


గుంటూరు_క్లాసిక్:

అప్‌డేట్ ఇస్తున్నా. కొత్త రబ్బరు వచ్చింది, పెట్టేశాను. కంపెనీ బాక్స్, బూటు, కొత్త పేపర్ ఫిల్టర్, ఒరిజినల్ సైలెన్సర్ అన్నీ ఎక్కించాను. బూటు గట్టిపడి ఎక్కనంటే వేడినీళ్లలో కాసేపు ముంచితే మెత్తబడి సులువుగా ఎక్కింది. ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ పైపు ఇన్నాళ్లూ గాల్లో వేలాడుతూ ఆయిల్ చిమ్ముతోంది, అది కూడా బాక్స్‌కి తిరిగి కలిపాను. ఐడిలింగ్ ఇప్పుడు కదలడం లేదు, సగం ఎక్సలేటర్ దగ్గర పట్టేయడం లేదు. వీడియోలు పక్కపక్కన పెట్టి చూశాను, నలభై నుంచి ఎనభైకి బాక్స్‌తోనే కొంచెం ముందు చేరుతోంది, పెదవి కోశాక తీసిన వీడియోతో పోల్చినా అంతే.

మిగిలింది ఒక్కటే, ఎక్సలేటర్ వదిలినప్పుడు ఇంకా అప్పుడప్పుడు ఒకటి రెండు చిన్న పేలుళ్లు, పొద్దున చోక్ కూడా ఇంకా కొంచెం ఎక్కువసేపే కావాలి. మిక్చర్ స్క్రూ ఉండాల్సిన చోట ఇత్తడి బిళ్ల ఉంది. అది తీయాలా?


తెనాలి_మెకానిక్:

తమ్ముడూ బాగా చేశావు. బిళ్ల తీసే ముందు సైలెన్సర్ బెండు హెడ్‌కి కలిసే చోట గ్యాస్కెట్ కొత్తది వేశావా లేదా చూడు. పాతదే నలిగినది మళ్లీ బిగిస్తే అక్కడ సన్నగా గాలి లోపలికి పోయి, వదిలినప్పుడు మిగిలిన పెట్రోల్ ఆవిరి సైలెన్సర్‌లోనే అంటుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఆ జాయింటు దగ్గర చెయ్యి దూరంగా పెట్టి చూడు, చిటచిట శబ్దం, నల్ల మసి చార ఉంటే అదే. హెడ్ దగ్గరికి గాలి తీసుకెళ్లే చిన్న రబ్బరు పైపు, వాల్వు నీ బండికి ఉంటే అది చిరిగిందేమో కూడా చూసుకో.

అవన్నీ బాగుండి ఇంకా పేలుతుంటే అప్పుడు బిళ్ల. కార్బురేటర్ బండి మీద ఉండగా చేయొద్దు, విప్పి బల్ల మీద పెట్టు. బిళ్ల మధ్యలో చిన్న డ్రిల్ బిట్‌తో చాలా నిదానంగా, బిళ్ల మందం మాత్రమే దాటేలా చిల్లు వేసి, చిన్న స్క్రూ దూర్చి కటింగ్ ప్లేయర్‌తో లాగు. కిందే మిక్చర్ స్క్రూ తల ఉంటుంది, బిట్ దానికి తగలకూడదు. ముందు స్క్రూని మెల్లగా లోపలికి తిప్పి ఎన్ని చుట్లకి ఆగిందో లెక్కపెట్టి కాగితం మీద రాసుకో, గట్టిగా బిగించావంటే మొన వంగి కార్బురేటర్ పోతుంది. తర్వాత స్క్రూ మొత్తం బయటికి తీస్తే దానితో స్ప్రింగు, చిన్న వాషరు, ఓ-రింగు రావాలి, ఓ-రింగు ఒక్కోసారి లోపలే ఉండిపోతుంది, మర్చిపోయి క్లీనర్ కొట్టేయకు.

తిరిగి పెట్టి ఇంజిన్ బాగా వేడెక్కాక, ఉన్న చోటు నుంచి పావు చుట్టు చొప్పున బయటికి విప్పుతూ ప్రతిసారీ కాసేపు ఆగి విను. ఐడిలింగ్ ఎక్కడ అన్నిటికన్నా ఎక్కువగా, నిలకడగా ఉంటే అక్కడ ఆపి, ఐడిలింగ్ స్క్రూతో స్పీడు మళ్లీ తగ్గించు. మామూలుగా ఒకటిన్నర నుంచి రెండున్నర చుట్ల మధ్య ఎక్కడో కుదురుతుంది. మూడు దాటినా ఇంకా కావాలంటుంటే స్క్రూతో కాదు, పైలట్ జెట్ ఒక సైజు పెంచు. అది అయ్యాక హైదరాబాద్ అబ్బాయి చెప్పినట్టు పొల్యూషన్ వ్యాన్ దగ్గర అంకె చూసుకుని ఇక్కడ పెట్టు, దాన్ని బట్టి చెప్తాను. కోన్ ఫిల్టర్ ఎవరికీ అమ్మకు, ఇంకో బండి నా దగ్గరికి అలాగే వస్తుంది.